గంజాం జిల్లా, సోంపేట తాలూకా: ఆమె మా మనిషేనా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర పల్లె. నేను స్కూల్ టీచర్ని. మా ముత్తాతకు ఒక అన్న, ఒక తమ్ముడు. అన్న చెరకు తోటల పనికి ‘నాటాలు’ (దక్షిణాఫ్రికాలోని నాటాల్) వెళ్ళి తిరిగి రాలేదు. తమ్ముడు రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి, జపాన్ బాంబులప్పుడు నడిచి ఇల్లు చేరాడు. ఇదంతా మా నాయనమ్మ చెప్పిన మాటే. ఆమెకు ఇప్పుడు 86 ఏళ్ళు. ఈమధ్య ఆన్‌లైన్‌లో వంశవృక్షాలు పెట్టే చోట ఈ అన్నదమ్ముల పేర్లు ఉంచాను. మెల్‌బోర్న్ నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టారు. వాళ్ళ కుటుంబం డర్బన్ నుంచి వచ్చిందట, ఇంటిపేరు నాయుడు. వాళ్ళ ముత్తాత 1903లో ‘గంజాం జిల్లా, సోంపేట తాలూకా’ నుంచి వెళ్ళినట్టు కాగితం ఉందట. మనిషి పేరు కూడా ఒకటే. చదివి నాకు చేతులు వణికాయి. కానీ గంజాం ఒడిశాలో ఉంది కదా? మా ఇంటిపేరు నాయుడు కాదు కదా? పైగా మా చిన్నాన్న, ‘భూమిలో వాటా కోసం వస్తున్నారు, జవాబివ్వకు’ అంటున్నారు. డీఎన్‌ఏ టెస్టు చేయిస్తే తేలిపోతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేసి వచ్చి మిగతాది చదవండి. మీ నాయనమ్మ దగ్గర ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని ఒక పూట కూర్చోండి. దక్షిణాఫ్రికాలో ఉన్న కాగితాలు నూటపాతికేళ్ళు ఆగాయి, ఇంకో ఏడాదైనా ఆగుతాయి. ఆవిడ జ్ఞాపకానికి నకలు లేదు. ఆమెకు తెలిసినదంతా అత్తవారింట విన్నదే కాబట్టి ‘ఎవరు చెప్పారు మామ్మా?’ అని ప్రతి సంగతికీ అడగండి. మామగారు స్వయంగా చెప్పిన మాట వేరు, ఊళ్ళో అనుకున్న మాట వేరు. వెళ్ళినాయనను ఇంట్లో ఏమని పిలిచేవారు, పెళ్ళయిందా, భార్యను వదిలి వెళ్ళాడా, ఊళ్ళోంచి ఇంకెవరు ఆయనతో కలిసి వెళ్ళారు, ఉత్తరం ఏదైనా వస్తే ఎవరు చదివి వినిపించారు, వాళ్ళ నాన్న పేరేమిటి, తాత పేరేమిటి. ఆవిడ విసుక్కుంటే ఆపేసి మర్నాడు మళ్ళీ కూర్చోండి. తేదీలు అడగొద్దు, తేలవు. ‘పెద్దవాన పడ్డ ఏడా, దానికి ముందా?’ అని అడిగితే తేలుతుంది.

ఇప్పుడు గంజాం సంగతి. మీకు సందేహం పుట్టించిన ఆ మాటే నాకు నమ్మకం కలిగించింది. 1903లో శ్రీకాకుళం జిల్లా అనేదే లేదు. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా కిందే ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గంజాంలో ఎక్కువ భాగం అటు పోయింది. తెలుగు మాట్లాడే దక్షిణపు ముక్క విశాఖపట్నం జిల్లాలో కలిసింది. అందులోంచి 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లాను విడదీశారు. అంటే మీ ఊరు కదలకుండానే మూడు జిల్లాలు మారింది. డర్బన్ నుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళలో చాలామంది ఈ మలుపు తెలియక బరంపురం చుట్టూ తిరిగి నిరాశపడి వెళ్ళిపోతారు. మీలాంటి ఊరివాళ్ళు ఒక్క మాట చెబితే వాళ్ళకు ఏళ్ళు కలిసొస్తాయి. ఊళ్ళ పేర్లు కూడా అంతే. ‘చికాకోల్’ అని కనిపిస్తే అది శ్రీకాకుళం. ‘బిమ్లీపటం’ భీమునిపట్నం, ‘కోకనాడ’ కాకినాడ. ‘సర్వసిద్ధి తాలూకా’ అంటే నేటి యలమంచిలి వైపు.

ఇక ఇంటిపేరు. మన వెతుకులాటలో చిక్కుముడి అంతా దీని దగ్గరే పడుతుంది. నాటాల్ వెళ్ళిన కూలీల ఓడ జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక వరుస రాశారు. వలస సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద గుర్తులు. ఇంటిపేరుకు గడి లేదు. తండ్రి పేరు, కులం, ఊరు రాసుకుంటే మనిషిని పట్టుకోవచ్చని ఆ ఆఫీసు లెక్క. మన ఊళ్ళల్లోనేమో ఇంటిపేరు లేకపోతే మనిషిని పోల్చడమే కుదరదు. అక్కడ స్థిరపడ్డాక పిల్లల్ని బడిలో వేయడానికో, పెళ్ళి నమోదుకో ఒక ఇంటిపేరు కావలసి వచ్చింది. కొందరు తండ్రి పేరే పెట్టుకున్నారు, కొందరు నాయుడు, రెడ్డి వంటి బిరుదు పెట్టుకున్నారు. కాబట్టి డర్బన్‌లో నాయుడు అన్నంత మాత్రాన ఆ కుటుంబం ఫలానా కులమనీ, ఫలానా ఇంటిపేరనీ చెప్పలేం. మీ ఇంటిపేరు కలవకపోవడం ఆమెకు వ్యతిరేక సాక్ష్యం కానే కాదు.

కులం గడి గురించి ఒక మాట ముందే చెబుతాను. ఆమె పంపిన కాగితంలో మీరు అనుకోని కులం ఉండొచ్చు. ఓడ ఎక్కేముందు కూలీలను చేర్చే డిపోలో గుమాస్తా విన్నది విన్నట్టు రాశాడు, కొన్నిసార్లు వినపడక రాశాడు. వెళ్ళేవాళ్ళలో కొందరు కావాలనే మార్చి చెప్పారు. ఊళ్ళో తలెత్తుకోనివ్వని పేరును ఓడ ఎక్కేముందు వదిలేసుకున్నవాళ్ళున్నారు. అది వాళ్ళ హక్కు అని నేను నమ్ముతాను. ఇంట్లో పెద్దలు ముఖం చిట్లిస్తే ఆ కాగితాన్ని దాచేయకండి, దిద్దకండి.

ఆ ఓడల కథ క్లుప్తంగా చెప్తే మీ వెతుకులాట దారి తెలుస్తుంది. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి వెళ్ళి డర్బన్ రేవులో ఆగింది. అది మొదటిది. 1911లో ఈ వలస ఆగిపోయేదాకా 1,52,184 మంది వెళ్ళారు. వాళ్ళలో మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు నుంచే ఎక్కారు. ఆ పెద్ద రిజిస్టర్లను అక్కడివాళ్ళు ఓపికగా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ద్వారా వాటిని చూడొచ్చు. మెల్‌బోర్న్ ఆవిడ ‘కాగితం’ అంటున్నది బహుశా ఆ వరుసే అయివుంటుంది. జిల్లా, తాలూకా రాశారు గానీ ఊరు రాయలేదు చూశారా? మొత్తం వరుసను, వీలైతే ఆ పేజీ మొత్తాన్ని పంపమనండి. పేజీ ఎందుకంటే, ఒక ఊరివాళ్ళు కలిసి వెళ్ళి కలిసి పేరు రాయించుకునేవారు, వరుస నంబర్లు పక్కపక్కనే పడేవి. ఆయనకు ముందో వెనకో మీ ఊరి పేరుతో ఇంకొకరు కనిపిస్తే, మీ నాయనమ్మ చెప్పిన ‘ఆయనతో కలిసి వెళ్ళినవాళ్ళు’ వీళ్ళేనేమో పోల్చి చూసుకోవచ్చు.

పేర్ల దగ్గర జాగ్రత్త. మన ఉత్తరాంధ్ర పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవిలో పడి ఏ రూపానికైనా మారతాయి. అప్పలస్వామి ‘అపల్సామి’ అవుతాడు. సన్యాసి మారిషస్‌లో ‘సనాసీ’ అయ్యి అదే వంశం పేరైపోయింది. అయితే మీకు నేను ఇంతకంటే గట్టిగా చెప్పాలనుకున్నది పేరు కలిసినప్పుడు కలిగే పొంగు గురించి. మా అమ్మ తరఫున రంగం మీదుగా మలయా వెళ్ళిన ఒకాయన కోసం నేను ఎనిమిది నెలలు ఒక మనిషి వెంట పడ్డాను. పేరు ఒకటే, తాలూకా ఒకటే, వయసు సరిపోయింది. ఆయన మనవల ఫోటోలు మా ఇంట్లో గోడకు కూడా పెట్టుకున్నాం. చివరికి తండ్రి పేరు బయటపడింది, అది వేరు. ఆ ఫోటోలు తీసేసిన రోజు మా అమ్మ ముఖం నాకు ఇంకా గుర్తుంది. సింహాచలం అప్పన్న పేరు, పైడితల్లి పేరు పెట్టుకున్న మనుషులు మన ఉత్తరాంధ్రలో వీధికి ఇద్దరుంటారు. పేరు, తాలూకా కలిస్తే అది మొదలు మాత్రమే. తండ్రి పేరు, ఊరు కూడా కలవాలి. వయసు ఐదేళ్ళు అటూ ఇటూ ఉన్నా పట్టించుకోకండి. ఇరవై, పాతిక, ముప్పై అని ఉజ్జాయింపుగా రాసినవే ఎక్కువ.

కాబట్టి నా సలహా ఇది. మీ ఇంటిపేరు, మీ ముత్తాత తండ్రి పేరు, మీ ఊరి అమ్మవారి పేరు ఆమెకు ఇప్పుడే చెప్పకండి. మీరు ఇప్పటికే పెట్టేసిన రెండు పేర్లు చాలు. మీ వైపు తెలిసినదంతా ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి ఫోటో తీసుకోండి. ఆమెను కూడా వాళ్ళింట్లో మిగిలినదంతా అలాగే రాయమనండి. ఒకే రోజున ఇద్దరూ పంపుకోండి. ఇది అనుమానంతో చేసే పని కాదని ఆమెకు విడమరిచి చెప్పండి. బంధువు దొరకాలని మనసు తహతహలాడుతున్నప్పుడు ఒకరు చెప్పిన పేరు రెండోవాళ్ళ జ్ఞాపకంలో ఇట్టే చేరిపోతుంది. ‘అవునవును, మా అమ్మమ్మ కూడా అదే అనేది’ అంటారు, అబద్ధం ఆడుతున్నామని వాళ్ళకే తెలియదు. ఇద్దరూ ఎవరికి వారు రాసుకున్నదాంట్లో ఒక ఊరు, ఒక అమ్మవారు, ఒక తండ్రి పేరు కలిస్తే ఆ సాక్ష్యాన్ని ఎవరూ కదపలేరు.

ఆమెను ముఖ్యంగా అడగవలసినవి రెండు. మొదటిది, వాళ్ళింట్లో పిల్లలకు ఏ పేర్లు తిరిగి తిరిగి పెట్టారు? మనవాళ్ళు తాత పేరు మనవడికి పెడతారు కదా. సముద్రం దాటినా ఆ అలవాటు రెండు మూడు తరాలు నిలిచింది. వెళ్ళినాయన కొడుకుల్లో ఒకరికి మీ ముత్తాత తండ్రి పేరు ఉంటే, ఎంత వంకర స్పెల్లింగ్‌లో ఉన్నా, నేను దాన్ని చాలా బలంగా తీసుకుంటాను. రెండోది, ఆయన చనిపోయినప్పటి కాగితం. దక్షిణాఫ్రికాలో ఆస్తి ఉన్న మనిషి పోతే వారసులు ‘డెత్ నోటీస్’ అని ఒకటి నింపి ఇవ్వాలి. అందులో పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు, భార్య, పిల్లల పేర్లు ఉంటాయి. పాత ఫైళ్ళు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోని ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి. ఆమె దగ్గర వలస సంఖ్య ఉంటే పని సులువు. ఆ నంబరు మనిషిని చివరిదాకా వదలలేదు. పెళ్ళి నమోదులో అదే, తోట నుంచి విడుదల కాగితంలో అదే.

ఈ లోగా మీరు ఇక్కడ చేయగలిగిన పని ఒకటుంది. మీ వైపు ఎక్కువగా జమీందారీ ఊళ్ళు. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక సర్వే చేసి తయారుచేసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఊరి భూముల పట్టిక) మీ తహసీల్దార్ ఆఫీసులో ఉంటుంది. 1903లో వెళ్ళిపోయినాయన పేరు అందులో ఉండదు. కానీ భూమి ఉన్న కుటుంబాలు ఆ రోజుల్లో మీ ఊళ్ళో ఏయే ఇంటిపేర్లతో ఉన్నాయో తెలుస్తుంది. మీ ఇంట్లోవాళ్ళెవరైనా గయలో పిండం పెట్టి వచ్చివుంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) పద్దు పుస్తకాల్లో మీ వంశం పేర్లు దొరికే వీలుంది. చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కు మాత్రం ఇప్పుడే పరిగెత్తకండి. వలస మీద ఫైళ్ళు బోలెడు, వాటిలో మామూలు మనుషుల పేర్లు అరుదు.

మన దగ్గర వంశాల లెక్క నోటి మీదే ఎక్కువగా బతికింది. కొన్ని కులాల గోత్రాలు, వంశాలు పాడటానికి పిచ్చుగుంట్లవాళ్ళు ఊరూరా తిరిగేవారు. ఆ పాట వినేవాళ్ళు లేక చాలాచోట్ల ఆగిపోయింది. మీ నాయనమ్మ దగ్గర మీరు రికార్డ్ చేయబోయేది దానికి తక్కువేమీ కాదు.

ఆయన ఎందుకు తిరిగి రాలేదు అనే ప్రశ్న మీరు అడగలేదు. కానీ మీ ఇంట్లో ఎక్కడో ఆ నొప్పి ఉండే వుంటుంది, ‘మరిచిపోయాడు’ అని. 1903లో వెళ్ళిన మనిషికి అయిదేళ్ళ ఒప్పందం. జీతం మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, తర్వాత ఏడాదికొక షిల్లింగు పెంపు. 1895లో చేసిన చట్టం ప్రకారం, ఒప్పందం అయిపోయాక ఇంటికి తిరిగి రాకుండా, మళ్ళీ కూలీగా సంతకం పెట్టకుండా అక్కడే స్వేచ్ఛగా బతకాలంటే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. మొదటి ఏడాది జీతం లెక్కన అది ఆరు నెలల కూలీ. భార్యా పిల్లలుంటే భార్యకు వేరే 3 పౌండ్లు, ఎదిగిన పిల్లలకు వేరే. గాంధీ నాయకత్వంలో 1913లో గని కార్మికులు, తోట కూలీలు పెద్ద సమ్మె చేశాక, 1914లో గానీ ఆ పన్ను పోలేదు. ఓడ ఖర్చు లేకుండా తిరిగి రావడానికి హక్కుండేది, నిజమే. కానీ అక్కడ పెళ్ళి చేసుకుని, వేరే కులం వేరే భాష మనిషితో సంసారం పెట్టుకున్నవాడిని ఊరు రానిచ్చేదా? ఆ జవాబు మీ ఊరివాళ్ళకే తెలియాలి. తర్వాతి తరాల్లో ఉత్తరాలు తెగిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. జాతి వివక్షకు నిరసనగా మన దేశం 1946లో దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది. దౌత్య సంబంధాలు మళ్ళీ కుదిరింది 1993లో. దాదాపు రెండు తరాల కాలం అది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద డర్బన్ భారతీయులను ఇళ్ళు ఖాళీ చేయించి చాట్స్‌వర్త్ వంటి చోట్లకు పంపినప్పుడు పాత అడ్రసులే మాయమయ్యాయి. ఆ ఇళ్ళ నుంచే తర్వాత కొందరు ఇంగ్లండ్, కెనడా, ఆస్ట్రేలియా చేరారు. మెల్‌బోర్న్ ఆవిడ కుటుంబం మీ ఊరి నుంచి లెక్కేస్తే రెండో సముద్రం దాటింది.

మీ ఇంట్లో ఉత్తరమో, మనియార్డర్ రసీదో, కవరో ఒక్కటైనా ట్రంకు పెట్టెలో ఉందేమో వెతకండి. స్టాంపు మీద ‘నాటాల్’ అని ఉంటే అది పాతది, 1910 ప్రాంతానిదో అంతకు ముందుదో. ‘యూనియన్ ఆఫ్ సౌత్ ఆఫ్రికా’ అని ఉంటే ఆ తర్వాతది. ఇదే ఉపాయం మీ చిన్న ముత్తాతకూ పనికొస్తుంది. బర్మా 1937 ఏప్రిల్ 1న మన దేశం నుంచి విడిపోయింది. అంతకు ముందు రంగం నుంచి వచ్చిన ఉత్తరాల మీద ఇండియా స్టాంపే ఉంటుంది.

రంగం దారి మాత్రం వేరు. అది ఒప్పందపు కూలీ కాదు. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి కోతల కాలానికి వెళ్ళి వచ్చేవారు, రేవులోనో ధాన్యం మిల్లులోనో మేస్త్రీ కింద పనిచేసేవారు. అక్కడ మన తెలుగువాళ్ళను కోరంగి రేవు పేరుతో ‘కోరంగీలు’ అనేవారు. ఓడ జాబితాలో మనిషికో వరుస ఉండే పద్ధతి అక్కడ లేదు. కాబట్టి ఆయన విషయంలో మీకు ఆధారం ఇంటి మాటే. 1942లో నడిచి వచ్చిన దారి, ఏ కొండల మీదుగా వచ్చారు, ఎవరు దారిలో పోయారు, నాయనమ్మకు తెలిసినంత రాసిపెట్టుకోండి.

డీఎన్‌ఏ టెస్టు చేయించండి, కానీ చివర్లో. లెక్క ప్రకారం మీరూ ఆమే ముత్తాతలు అన్నదమ్ములైన వరుస. ఆ దూరంలో ఉన్న నిజమైన బంధువుల్లో కూడా పదిమందిలో ఒకరికి టెస్టులో పోలికే కనిపించదు. కనిపించకపోతే బంధువు కాదని తేల్చేయకండి. ఇంకో చిక్కు మన మేనరికాలు. తరతరాలుగా మేనమామ కూతురినీ మేనత్త కొడుకునీ చేసుకున్న ఇళ్ళల్లో ఒకే డీఎన్‌ఏ ముక్కలు రెండు మూడు దారుల్లో దిగుతాయి. అందువల్ల ఐదారు తరాల దూరపు చుట్టం దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. టెస్టు చేసే కంపెనీల అంచనాలు ఎక్కువగా మేనరికం లేని సమాజాలను చూసి వేసినవి. మీ నాయనమ్మ ఒప్పుకుంటే ఆవిడ నమూనా తీయించాలని అనుకోవచ్చు. కానీ ఆవిడ కోడలిగా వచ్చారు కదా, మీ ముత్తాత రక్తం కాదు. మీ నాన్నగారిదో, చిన్నాన్నదో తీయించాలి. వాళ్ళు మీకంటే ఒక తరం దగ్గర.

చిన్నాన్న దగ్గరికి వద్దాం. ఆయన్ని తప్పుపట్టను. భూమి మీద బతికే ఇంట్లో ఆ భయం సహజం. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, భూమి కాగితాల నకళ్ళు ఎవరికీ పంపొద్దు. వంశవృక్షానికి వాటితో పనిలేదు. ఎవరైనా అవి అడిగితే, డబ్బు అడిగితే అక్కడే ఆపేసి ఊళ్ళో లాయర్‌తో మాట్లాడండి. బతికున్నవాళ్ళ పుట్టిన తేదీలు ఆన్‌లైన్‌లో ఉంచివుంటే తీసేయండి. ఇన్నేళ్ళుగా నేను చూసిన డర్బన్, మారిషస్ మనుషులు అడిగినవి మాత్రం ఇవి: ఊరి పేరు ఎలా పలకాలి, గుడి ఇంకా ఉందా, చెరువు ఫోటో ఒకటి పంపుతారా. ఒకాయన మా ఊరి మట్టి చిన్న పొట్లం కట్టించుకుని వెళ్ళాడు. రికార్డింగ్ చేసేటప్పుడు చిన్నాన్నను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళ అమ్మ నోటి నుంచి వింటే ఆయన మనసు ఎటు తిరుగుతుందో చూడండి.

మెల్‌బోర్న్ ఆవిడను ఇంకా జవాబు లేకుండా ఉంచకండి. ఈ రాత్రే రెండు మాటలు రాయండి. ‘మీరు రాసిన గంజాం, సోంపేట ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం జిల్లా వైపు ఉంది, మేము ఉండేది ఇక్కడే. మనం ఒకే కుటుంబమో కాదో ఇంకా తెలియదు, కలిసి వెతుకుదాం. ఓడ కాగితం పేజీ మొత్తం పంపగలరా?’ ఒకవేళ చివరికి బంధువు కాదని తేలినా, ఆ మొదటి వాక్యం ఆవిడకు ఉపయోగపడుతుంది.